ఛాత్రోపాధ్యాయిని రికార్డులో ఒకటో తరగతి

బడి గురించి తెలుగులో చాలానే సాహిత్యం ఉంది. బడికి పోలేకపోయినవాళ్ల కథలున్నాయి, బెత్తం దెబ్బల జ్ఞాపకాలున్నాయి, గురువుగారి మీద పద్యాలకైతే లెక్కే లేదు. నేను పుట్టిన కోనసీమనే తీసుకుందాం. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ముంగండలో పుట్టిన మహీధర రామమోహనరావు 'కొల్లాయి గట్టితేనేమి?' నవలలో కుర్రాడు సహాయ నిరాకరణ పిలుపు విని కాలేజీ వదిలేసి ఊరికొస్తాడు. ఒకటి చదువులోకి వెళ్లే కథ, రెండోది చదువును కాదనే కథ. రెండూ మాకు గర్వకారణాలే. కానీ ఐదారేళ్ల పిల్లల ముందు నిలబడి 'అ' దిద్దించే మనిషి ఆ గదిలో ఏం చూస్తుంది, ఏం చేస్తుంది, ఏం ఆలోచిస్తుంది అన్నది మన సాహిత్యానికి పెద్దగా పట్టలేదు. ఆ మనిషి చాలాసార్లు ఆడమనిషి కావడం ఇందుకు ఒక కారణమేమో.

నిజానికి ఒకటో తరగతి గురించి ఏటా వేల పేజీలు రాస్తూనే ఉన్నారు. రాస్తున్నది ఛాత్రోపాధ్యాయినులు. టి.టి.సి. అన్నా, డి.ఎడ్. అన్నా, ఇప్పటి పేరుతో డి.ఎల్.ఎడ్. అన్నా, ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లిన ప్రతి అమ్మాయీ సబ్జెక్టుకో రికార్డు చొప్పున రాసి, అట్ట వేసి, బొమ్మలు అంటించి, మార్కుల కోసం సమర్పించాల్సిందే. ఆ రాతల్ని మనం రాతలుగా లెక్కపెట్టం. ఉత్తరాల్నీ, డైరీల్నీ, ఊరి ఆడవాళ్ల పాటల్నీ సాహిత్య చరిత్రలోకి తెచ్చుకున్న స్త్రీవాద విమర్శకి కూడా ఈ అట్టవేసిన పుస్తకాలు కనపడలేదు. ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది వాటిని చదవడమే. నేనూ 2006-08 మధ్య డి.ఎడ్. చదివాను. తర్వాత సాహిత్యంలోకి వచ్చి పరిశోధన చేసినా ఆ రికార్డులు పారెయ్యలేదు. ఈ మధ్య కొత్తపేట, అమలాపురం వైపు ఇద్దరమ్మాయిలు తమ ఇంటర్న్‌షిప్ డైరీలు నాకు చదవడానికిచ్చారు. వీటి పక్కన, తరగతి గది గురించి ప్రపంచం మెచ్చిన రెండు మూడు పుస్తకాలు పెట్టి చూస్తాను.

ముందు అందరికీ తెలిసిన పుస్తకం. గిజుభాయి బధేకా గుజరాతీలో 1930ల మొదట్లో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. శిక్షణ సంస్థల్లో ఎవరినడిగినా చదవమని చెప్పే పుస్తకం ఇదే. కథకుడు విద్యాధికారి దగ్గరికి వెళ్లి, నాకో తరగతి ఇవ్వండి, ఏడాది పాటు నా పద్ధతిలో చదువు చెప్తాను అని అడుగుతాడు. నాలుగో తరగతి ఇస్తారు. మొదటి రోజు పిల్లల చేత నిశ్శబ్దపు ఆట ఆడించబోతాడు. గది గోలగోలగా తయారవుతుంది. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, మర్నాడొచ్చి కథలు మొదలుపెడతాడు. ఇక అక్కడినుంచి కథలు, ఆటలు, చిన్న గ్రంథాలయం, నాటకాలు. చదివిన ప్రతిసారీ నాకు ఉత్సాహం కలుగుతుంది. చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న కూడా మిగులుతుంది. ఆ మొదటి రోజు ఓడిపోవడానికి ఆయనకు హక్కెక్కడిది? తరగతి ఆయన అడిగి తీసుకున్నాడు. ఏడాది సమయముంది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఛాత్రోపాధ్యాయినికి నలభై నిమిషాల పీరియడు, ఆ పీరియడుకి మార్కులు. పిల్లల్ని ఇంటికి పంపేస్తే ఆ పాఠం 'రద్దు'. పైగా ఆ కథకుడు బడి నుంచి ఇంటికెళ్లి నీళ్లు తోడి, అన్నం వండి, రేపటి చార్టు గీసుకోవడం పుస్తకంలో ఎక్కడా కనపడదు.

గిజుభాయిని గుజరాతీవాళ్లు ప్రేమగా 'మూఛాళీ మా' అన్నారు. మీసాలున్న అమ్మ అని అర్థం. ఎంత ముచ్చటైన బిరుదు! పిల్లల్ని ప్రేమించిన మగవాడికి అమ్మతనం కీర్తిగా దక్కింది. అదే పని చేసే ఆడదానికి అది ఉద్యోగ నిబంధన. మా బ్యాచ్‌లో టీచింగ్ ప్రాక్టీసుకి తరగతులు పంచినప్పుడు మగపిల్లలకి నాలుగు, ఐదు తరగతులు, మాకు ఒకటి, రెండు వచ్చాయి. మీకు ఓపికెక్కువ కదమ్మా, అన్నారు. ఓపిక అనే మాట అక్కడ ప్రశంస కాదు, పని పంపకం. ముక్కులు తుడవడం, చిన్నవాళ్లని బయటికి తీసుకెళ్లడం, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఒలిచి పెట్టడం, జడ ఊడితే వేయడం ఇవన్నీ ఆ పంపకంలో వచ్చాయి. రికార్డులో వీటికి గడి లేదు.

రికార్డు రూపాన్ని కాస్త నిదానంగా చూడాలి. పేజీ నిలువునా రెండు భాగాలు. ఎడమ వైపు 'ఉపాధ్యాయ కృత్యం', కుడి వైపు 'విద్యార్థి కృత్యం'. పైనుంచి కిందికి సోపానాలు: ఉన్ముఖీకరణ, శీర్షికా ప్రకటన, ఆదర్శ పఠనం, నల్లబల్ల పని, పునశ్చరణ, మూల్యాంకనం, ఇంటిపని. నా రికార్డు మొత్తం తిరగేసినా 'నేను' అనే మాట ఒక్కసారి కనపడలేదు. 'ఉపాధ్యాయుడు విద్యార్థులను ప్రశ్నించును' అని రాశాను. పంతొమ్మిదేళ్ల ఆడపిల్లని, నా గురించి నేనే 'ఉపాధ్యాయుడు' అని పుంలింగంలో రాసుకున్నాను. పాఠం అయిపోయాక రాసేదయితే ఇంకా చిత్రం. 'పాఠ్యాంశం పరిచయం చేయబడినది', 'బొమ్మ ప్రదర్శించబడినది', 'విద్యార్థులు ఉన్ముఖులను చేయబడిరి'. తెలుగు మాట్లాడేవాళ్లెవరూ నోటితో అనని ఈ 'బడు' ప్రయోగాన్ని మేం శిక్షణలో కష్టపడి నేర్చుకున్నాం. దాన్ని ఉత్త గ్రాంథిక చాదస్తమని నవ్వి వదిలేయడం కష్టం. చేసిన మనిషి చెరిగిపోయి పని ఒక్కటే మిగిలే వాక్యం అది. స్త్రీల ఇంటి చాకిరీని సమాజం ఏ వాక్యంలో చెప్తుందో గుర్తు తెచ్చుకోండి. వంటయింది. బట్టలు ఆరాయి. పిల్లలు పెరిగారు.

కుడి వైపు గడి సంగతి ఇంకా ఘోరం. అక్కడ పిల్లలు చెప్పబోయే సమాధానాలు పాఠానికి ముందు రోజే రాసేయాలి. 'మీ ఇంట్లో మీకు అన్నం ఎవరు పెడతారు?' అని నా ఉన్ముఖీకరణ ప్రశ్న. ఎదురుగా 'అమ్మ' అని ముందే రాసిపెట్టి ఉంది. దానిమీదే శీర్షికా ప్రకటన: పిల్లలూ, ఈ రోజు మనం 'అ' నేర్చుకుందాం. అ అంటే అమ్మ.

నేను ప్రాక్టీసు చేసిన బడి వైనతేయకీ వసిష్ఠకీ మధ్యనున్న రాజోలు సీమలో, ఏటిగట్టు పక్కన ఒక ఊళ్లో ఉంది. స్థోమత ఉన్న ఇళ్ల పిల్లలు పొద్దున్నే కాన్వెంట్ వ్యానెక్కేవారు. మా బడికి వచ్చేది పేట పిల్లలు, కొబ్బరి దింపేవాళ్ల పిల్లలు, చేపలు పట్టేవాళ్ల పిల్లలు. ఒకటో తరగతిలో ఇరవై మంది దాకా ఉండేవారు. అన్నం ఎవరు పెడతారంటే 'మా మామ్మండి' అని ఒకరు, 'మా అమ్మమ్మండి' అని ఇంకొకరు, 'మా పెద్దక్కండి' అని మరొకరు. అమ్మ అన్నవాళ్లూ ఉన్నారు. అననివాళ్లలో నలుగురి తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో పనిలో ఉన్నారు. వాళ్లు వెళ్లింది ఖద్దామా వీసా మీద. ఆ మాటకి అర్థం మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు.

ఆ నలుగురిలో ఒక పిల్ల ఉండేది. ఆరేళ్లుంటాయి. 'ఇ'కీ 'ఈ'కీ తేడా చెప్పలేదు, 'ల' రాయమంటే 'అ' రాసేది. రోజూ పొద్దున నల్లబల్ల మీద తేదీ, వారం రాయడం నా పని. ఒకరోజు నేను రాయడం పూర్తి కాకుండానే 'శుక్రారమండి' అంది. ఆ రోజేదో తెలిసి అంటోందనుకున్నాను. వారం గడిచాక ఒక మంగళవారం నాడు, తేదీ మామూలుగా రాసి, బల్ల కింది మూల 'శుక్రవారం' అని ఊరికే రాసి ఉంచాను. చూసి నవ్వింది. 'ఇయ్యాల మంగళారం కదండీ, శుక్రారమని రాసేరేటండీ?' అంది. శుక్రవారం సెలవు కాబట్టి వాళ్లమ్మ ఆ రోజు ఫోను చేస్తుంది. ఫోను కిరాణా కొట్టుకి వస్తుంది. కొట్లో వేలాడే క్యాలెండర్లో ఏ వరస శుక్రవారమో మామ్మ వేలు పెట్టి చూపించేది. ఆ వరసలో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆ పిల్ల చదవడం నేర్చుకుంది. 'శు'లో కొమ్ము, 'క్ర'లో వత్తు, చివర సున్న. మా సిలబస్ ప్రకారం అక్షరాలయ్యాక గుణింతాలు, గుణింతాలయ్యాక వత్తులు. ఆ లెక్కన ఆ పిల్ల ఏడాది తర్వాత చదవాల్సిన మాట చదివేసింది, 'అమ్మ' కంటే ముందు.

ఇది నేను పాఠం చివర 'అనుభవాలు' అనే శీర్షిక కింద రాశాను. పాఠ్యాంశానికి సంబంధం లేని విషయాలు రాయరాదు అని ఎర్ర సిరాతో వ్యాఖ్య వచ్చింది. పేజీ మార్చి మళ్లీ రాసిచ్చాను. కుడి గడిలో 'అమ్మ' అనే సమాధానం అలాగే ఉంది. మార్చిన పేజీ నా దగ్గరుంది, ఇప్పుడు దాన్ని చూసే రాస్తున్నాను.

ఇది జరిగిన చాలా ఏళ్లకు సిల్వియా ఆష్టన్-వార్నర్ రాసిన 'టీచర్' చదివాను. 1963లో వచ్చిన పుస్తకం. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లల బడిలో ఆమె అయిదేళ్ల పిల్లలకి పాఠాలు చెప్పింది. అక్కడి బడుల్లో అప్పుడు 'జానెట్ అండ్ జాన్' అనే ఇంగ్లీషు వాచకాలు ఉండేవి. చక్కటి ఇల్లు, చక్కటి కుక్క, చక్కటి అన్నాచెల్లెళ్లు. మావోరీ పిల్లలకి ఆ మాటలు ఎంతకీ పట్టుబడేవి కావు. ఆమె పొద్దున్నే ఒక్కొక్కరినీ పిలిచి, నీకు ఏ మాట కావాలి, అని అడిగేది. వాళ్లు అడిగిన మాటని పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి ఇచ్చేది. మర్నాడు అట్టముక్కలన్నీ నేలమీద గుమ్మరిస్తే ఎవరి మాట వాళ్లు వెతుక్కోవాలి. గుర్తుపడితే ఆ మాట వాళ్లది. లేకపోతే ఆ అట్ట పారేస్తుంది, ఆ మాట వాళ్ల లోపల్నించి రాలేదు కాబట్టి. దయ్యం, ముద్దు అనే రెండు మాటలు ఆ పిల్లలకి ఎంత బలమైనవో ఆమె పదే పదే చెప్తుంది. ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు రాజోలు పిల్ల శుక్రవారం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

అయినా ఆష్టన్-వార్నర్‌తో నాకు పేచీ ఉంది. ఆమె దృష్టిలో పిల్లల మాట లోపలి అగ్నిపర్వతం నుంచి వస్తుంది. దానికి రెండు దార్లు: విధ్వంసం, సృజన. టీచరు సృజన దారిని తెరిస్తే రెండోది మూసుకుపోతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మావోరీల నేల ఎలా పోయింది, వాళ్ల భాషని బడుల్లోంచి ఎవరు తోసేశారు అనే సంగతులు ఆ అగ్నిపర్వతం పొగలో మసకబారిపోతాయి. భయం, కోరిక అనే రెండు ప్రాథమిక భావాలు మిగులుతాయి. నా పిల్ల శుక్రవారాన్ని ఆ రెండిట్లో ఎందులో వేయను? దాని వెనక ఏజెంటుకి కట్టిన అప్పు ఉంది. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర చిక్కుకునే పద్ధతి ఉంది. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలన్న భారత ప్రభుత్వ నిబంధన ఉంది. చిన్న వయసు ఆడపిల్లల రక్షణ కోసమే ఆ హద్దు పెట్టారు, నిజమే. కానీ పద్దెనిమిదికో అంతకు ముందో పెళ్లయ్యే మా వైపు, ముప్పై దాటిన స్త్రీ అంటే బడికెళ్లే పిల్లలున్న తల్లి. చట్టప్రకారం ఎగుమతయ్యేది సరిగ్గా ఆ తల్లే. వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల స్త్రీలు కావడం కూడా యాదృచ్ఛికం కాదు.

అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హోక్‌షిల్డ్ 2000 ప్రాంతంలో ఈ ఏర్పాటుని 'గ్లోబల్ కేర్ చైన్' అంది. సంపన్న దేశంలో ఒకరి పిల్లల్ని సాకడానికి పేద దేశపు తల్లి వెళ్తుంది, ఆ తల్లి పిల్లల్ని ఇంకా పేదదో, ఇంకా ముసలిదో అయిన మరో ఆడది చూసుకుంటుంది. గొలుసు కిందికి దిగేకొద్దీ జీతం తగ్గుతూ చివరికి సున్నా అవుతుంది. ఆ గొలుసులో హోక్‌షిల్డ్ చూపించని ఒక లింకు మా ఊరి బడిలో ఉంది. అది ఛాత్రోపాధ్యాయిని. ఆమెకు జీతం లేదు, ఫీజు ఎదురు కట్టి వస్తుంది. బడిలో ఒక్క టీచరే ఉంటే, ఆ టీచరు మీటింగుకి వెళ్తే, బడి మొత్తం ఆమె మీద పడుతుంది. ఆమెని 'రెండో అమ్మ' అంటారు. మొదటి అమ్మ ఎక్కడికెళ్లిందో మాత్రం ఆమె రికార్డులో రాయకూడదు.

ఈ అమ్మ పోలిక ఎక్కడ పుట్టిందో కరోలిన్ స్టీడ్‌మన్ 1985లో ఒక వ్యాసంలో తవ్వి తీసింది. స్టీడ్‌మన్ బ్రిటన్‌లో చరిత్రకారిణి. దానికి ముందు కొన్నేళ్లు ప్రాథమిక పాఠశాల టీచరు. కిండర్‌గార్టెన్ పితామహుడు ఫ్రోబెల్ దగ్గర్నుంచి, చిన్నపిల్లల టీచరంటే తల్లికి కాస్త స్పృహ జోడించిన రూపమని నమ్మకం ఎలా స్థిరపడిందో, కార్మికవర్గపు తల్లులు చాలరు కాబట్టి టీచరు అసలైన తల్లి పాత్ర వేయాలనే భావం ఎలా వచ్చిందో ఆమె చూపిస్తుంది. ఈ భావనలో ఇద్దరు ఆడవాళ్లకీ అవమానమే. పిల్లని కన్నామె మంచి తల్లి కాకుండా పోయింది, చదువు చెప్పేామె పని పని కాకుండా పోయింది. ఆష్టన్-వార్నర్ కూడా దీన్ని తప్పించుకోలేకపోయింది. ఆమెకి ముగ్గురు పిల్లలు, భర్త అదే బడికి హెడ్మాస్టరు. కానీ తన తరగతి గది ఆవేశాన్నంతా నవలగా రాసినప్పుడు (1958లో వచ్చిన 'స్పిన్‌స్టర్') కథానాయికని పెళ్లికాని మనిషిని చేసింది. పొద్దున బ్రాందీ గుటక వేసి బడికి వెళ్లే అన్నా వొరొంతొసోవ్. ఆ పాత్రంటే నాకు మహా ఇష్టం. అయినా, పని మీద అంత మోహం ఉన్న ఆడదాన్ని చూపించాలంటే ఆమెకి సంసారం లేకుండా చేయాల్సి రావడం గమనించాలి.

చిన్నపిల్లలకి చదువు చెప్పడం ప్రత్యేకమైన జ్ఞానమా, లేక ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చే ఓపికా అన్న ప్రశ్న మన దగ్గర కోర్టు దాకా వెళ్లింది. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బి.ఎడ్. చేసినవాళ్లూ ప్రాథమిక తరగతులకు అర్హులే అంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రాథమిక తరగతుల పిల్లలకి బోధించడం వేరే శిక్షణ, దానికి డి.ఎల్.ఎడ్. వేరే ఉంది అని కోర్టు మాట. ఆ తీర్పు వచ్చిన రోజు మా పాత బ్యాచ్ వాళ్లందరం సంతోషించాం, ఉద్యోగాల లెక్క ఒక కారణమైతే ఈ గుర్తింపు ఇంకో కారణం. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. బడికంటే ముందు ఆ పిల్లలకి మాట నేర్పేవాళ్లకి దక్కేది జీతం కాదు, గౌరవ వేతనం. తీర్పు వేరే, లెడ్జరు వేరే.

2014 నిబంధనల తర్వాత టీచింగ్ ప్రాక్టీసు ఇంటర్న్‌షిప్ అయింది, వారాల పని నెలలకి పెరిగింది. ఇప్పుడు ప్రత్యేకంగా 'రిఫ్లెక్టివ్ డైరీ' రాయాలి. అంటే 'నేను' అనడానికి అనుమతి వచ్చింది. నాకిచ్చిన రెండు డైరీల్లో మొదటిది చదివి నిరుత్సాహపడ్డాను. 'ఈ రోజు పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. నాకు ఎంతో సంతృప్తి కలిగింది.' రోజు రోజుకీ అదే. సీనియర్ల డైరీ నుంచి ఎక్కించుకున్నవని ఆ అమ్మాయే నవ్వుతూ చెప్పింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. మార్కులు వేసేవాళ్లు చదివే డైరీలో 'నేను' కూడా ఇంకో 'చేయబడినది'గా మారుతుంది. అనుమతించిన ఆత్మకథ అలాగే ఉంటుంది.

రెండో డైరీ కొత్తపేట వైపు అమ్మాయిది. అందులో చాలా భాగం ఇలాంటిదే, ఒక్క పేజీ తప్ప. మూడో తరగతి పిల్ల ఒకతె రెండేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని బడికొస్తోంది. తల్లి కొబ్బరి పీచు పనికి వెళ్తుంది, వాణ్ణి చూసేవాళ్లు లేరు. స్టీడ్‌మన్‌ని మళ్లీ తలుచుకోవాలి ఇక్కడ. ఆమె తరగతిలో 1976లో ముగ్గురు ఎనిమిదేళ్ల కార్మికవర్గ ఆడపిల్లలు కలిసి ఒక కథ రాశారు. ఇల్లు సర్దుకోవడం, పిల్లల్ని కనడం, పెంచలేక విసుక్కోవడం. దానిమీద ఆమె 'ద టైడీ హౌస్' అని 1982లో పుస్తకమే రాసింది. తల్లి కావడమంటే తమకి ముందున్న చాకిరీ అని ఆ పిల్లలకి అప్పటికే తెలుసు, రాయడం ద్వారా దాన్ని పరిశీలిస్తున్నారు అంటుంది. మన కొత్తపేట పిల్ల కథ రాయలేదు. ఛాత్రోపాధ్యాయిని ఆ పిల్ల గురించి మొదట రాసింది: తమ్ముడి ఏడుపు వల్ల తరగతికి అంతరాయం కలుగుతోంది, తల్లిదండ్రుల సమావేశంలో ప్రస్తావించాలి. ఇది మార్కుల కోసం రాసిన వాక్యం, నీట్‌గా ఉంది. దాని కింద ఇంకో మూడు లైన్లు రాసి, నీలం సిరాతో అడ్డంగా కొట్టేసింది. కొట్టేసినా చదవొచ్చు. వాణ్ణి తను ఒళ్లో పడుకోబెట్టుకుందట. వాడు నిద్రపోయాక ఆ పిల్ల మూడు తీసివేతలు చేసిందట. పక్కన ఆ మూడు లెక్కలూ ఎక్కించి ఉన్నాయి. మూడోది అప్పు తెచ్చుకునే తీసివేత. సరిగ్గానే చేసింది.